మృగశిరకి ముందు ట్రాక్టర్ బ్యాటరీ కూర్చుంటే: పొలం షెడ్డులో సోలార్‌తో లేపే పద్ధతి

మిరప పని అయిపోయాక ట్రాక్టర్‌ని షెడ్డులోకి తోలి పట్టా కప్పేస్తాం. మళ్లీ దాని మొహం చూసేది మృగశిర కార్తెలో, తొలి వాన పడి నేల పదునెక్కిన రోజునే. తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు. రెండోసారి తిప్పితే అదీ లేదు. మీటర్ల మీద లైట్లు మిణుకుమని ఆరిపోతాయి. ఇక్కడేమో పదును ఆరిపోతుంటుంది. చార్జింగ్ కొట్టు ఆరు కిలోమీటర్ల అవతల, అక్కడ అప్పటికే పది బ్యాటరీలు వరుసలో ఉంటాయి.

మా షెడ్డుకి కరెంటు లైను లేదు. ఉన్నదల్లా 100 వాట్ల ప్యానెళ్లు రెండు, ఒక చార్జ్ కంట్రోలర్ (బ్యాటరీ నిండగానే ప్యానెల్ కరెంటు ఆపే పెట్టె), 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి. ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత దాచుకోగలదో చెప్పే అంకె. రాత్రి కాపలాకి లైటు, ఫ్యాను, సెల్‌ఫోన్లకి చార్జింగ్ కోసం పెట్టుకున్నాం. కొన్నేళ్లుగా మా ట్రాక్టర్ బ్యాటరీనీ, చుట్టుపక్కల వాళ్లవీ దీంతోనే లేపుతున్నాం. కొట్లో అయితే సాధారణంగా బ్యాటరీలన్నీ వరుసగా కలిపి ఒకే కరెంటు పంపిస్తారు. బక్కదానికీ బలిసినదానికీ ఒకటే మోతాదు. జ్వరపడి లంఖణాలు చేసి లేచినవాడికి మొదటిరోజే ముద్దపప్పు, ఆవకాయ పెట్టం కదా, జావ పోస్తాం. ఖాళీ అయిన బ్యాటరీకి కావలసిందీ జావే. ఒక ప్యానెల్ ఇచ్చే కరెంటు సరిగ్గా అంతే ఉంటుంది.

కూర్చుందా, చచ్చిందా?

ఈ రెంటికీ తేడా తేల్చుకోకుండా వైర్లు ముట్టుకోవద్దు. కూర్చున్నదాన్ని లేపగలం. చచ్చినదాని మీద మూడు రోజుల ఎండ ఖర్చుపెట్టడం దండగ.

ముందు కంటితో చూడండి. పక్కలు ఉబ్బాయా? డబ్బా పగిలిందా? టెర్మినల్ పట్టుకుని కదిపితే ఊగుతోందా? కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోందా? వీటిలో ఏది ఉన్నా దాన్ని చార్జింగ్‌కి పెట్టొద్దు. నేరుగా పాత బ్యాటరీల కొట్టుకే పంపండి.

తర్వాత క్లాంపులు చూడండి. టెర్మినల్ చుట్టూ తెల్లగానో నీలిపచ్చగానో చిలుము పట్టి ఉంటే అసలు జబ్బు అదే కావచ్చు, బ్యాటరీ బాగానే ఉండొచ్చు. పైన నీళ్లు పోసే బిరడాలు బిగించి, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పోయండి. బుసబుస పొంగి తగ్గాక పాత బ్రష్షుతో రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి బిగించండి. సోడా నీళ్లు లోపలికి మాత్రం చుక్క కూడా పోకూడదు. పోయిన ఏడు మా పెదనాన్న వాళ్ల ట్రాక్టర్ ఈ ఒక్క పనితోనే స్టార్టయింది. బ్యాటరీ దించడానికి ఇద్దరు మనుషుల్ని పిలిపించి కూర్చోబెట్టాక చేశాం ఆ పని.

ఇప్పుడు మల్టీమీటర్. నాలుగైదు వందలు పెడితే దొరుకుతుంది, అది లేకుండా ఈ పని గుడ్డెద్దు చేలో పడ్డట్టే. బ్యాటరీ దేనికీ కలపకుండా కొన్ని గంటలు ఊరికే ఉన్నాక కొలవాలి. 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తే నిండా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. 11.8 కంటే తగ్గితే ఖాళీ అయినట్టే. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లుంటాయి, ఒక్కోటి 2.1 వోల్టులు. అందుకని చార్జింగ్ పెట్టాక కూడా సరిగ్గా 10.5 దగ్గరే మొండికేస్తే ఒక సెల్ పోయిందని అనుమానించాలి. ఎనిమిదో ఆరో చూపిస్తే, చాలాకాలం ఖాళీగా పడి ఉందన్నమాట. ప్రయత్నించొచ్చు, మాటివ్వలేం.

బిరడాలు ఊడే రకమైతే, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్ గ్రావిటీ చూడండి. నిండా చార్జయిన బ్యాటరీలో 1250 పైన ఉంటుంది, దిగిపోయినదాంట్లో 1150 కంటే కిందికి పడిపోతుంది. ఆరు సెల్లూ సమానంగా దిగి ఉంటే భయం లేదు, ఉపవాసం చేసిందంతే. ఐదు ఒకలా ఉండి, ఆరోది మిగతావాటి కంటే 50 పాయింట్లకి మించి తక్కువుంటే ఆ సెల్ దగ్గరే రోగం. పైన పచ్చ కన్ను ఉండే బ్యాటరీల్లో ఆ కన్ను చూసేది ఒక్క సెల్‌నే. మిగతా ఐదింటి సంగతి దానికి తెలియదు.

నీళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. లోపల ప్లేట్లు బయటపడి ఉంటే, అవి మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోయండి. గీత దాకా నింపేది చార్జింగ్ అయ్యాకే. ముందే నింపితే చార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికి కారుతుంది. బోరు నీళ్లు వద్దు. మా బోరు నీళ్లు గ్లాసులో పోసి ఎండలో ఆరబెడితే అడుగున తెల్లటి చార మిగులుతుంది, ప్లేట్లకీ అదే పడుతుంది. ఇంట్లో ఆర్వో నీళ్లూ వద్దు, వాటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. యాసిడ్ అసలే వద్దు. ఎండకి ఆవిరైపోయేది నీళ్లే, యాసిడ్ లోపలే ఉంటుంది. దాని మీద మళ్లీ యాసిడ్ పోస్తే ప్లేట్లు తినేస్తుంది.

మీ దగ్గరున్న ప్యానెల్ ఏది?

ప్యానెల్ వెనక స్టిక్కర్ ఉంటుంది. అందులో వీఓసీ అని రాసిన అంకె చూడండి, దేనికీ కలపనప్పుడు ప్యానెల్ ఇచ్చే వోల్టేజీ అది. 21, 22 ఉంటే అది 12 వోల్టుల బ్యాటరీకి సరిపోయే 36 సెల్లుల ప్యానెల్. దానికి పీడబ్ల్యూఎం అనే మామూలు చౌకరకం కంట్రోలర్ చాలు. అదే అంకె 45, 50 ఉంటే ఇంటి పైకప్పుల మీద పెట్టే పెద్ద ప్యానెల్. దాన్ని చిన్న పీడబ్ల్యూఎం కంట్రోలర్‌కి కలిపితే కంట్రోలర్ తట్టుకోలేక పోవచ్చు. తట్టుకున్నా మీకు దక్కేది మూడోవంతే. ప్యానెల్ 540 వాట్లదే అయినా పీడబ్ల్యూఎం దాని వోల్టేజీని బ్యాటరీ స్థాయికి లాగేస్తుంది. 13 ఆంపియర్లు ఇంటూ 13 వోల్టులు వేసుకుంటే 170 వాట్లు కూడా రావు. అలాంటి ప్యానెల్‌కి, ఎక్కువున్న వోల్టేజీని ఆంపియర్లుగా మార్చి ఇచ్చే ఎంపీపీటీ రకం కంట్రోలర్ కావాలి.

అడవిపందుల కోసం కంచెకి పెట్టే ఝట్కా మిషన్ ప్యానెల్ చాలా పొలాల్లో ఉంటుంది. 40 వాట్లదైతే మంచి ఎండలో రెండు ఆంపియర్ల దాకా ఇస్తుంది. దాన్ని విప్పి వాడుకోవచ్చు, విడిగా కంట్రోలర్ పెట్టుకుంటే.

సోలార్ మోటారు ప్యానెళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి వరుసగా కలిపి ఉంటాయి, చివర వచ్చేది వందల వోల్టుల డీసీ. ఇంట్లో ఏసీ కరెంటు కంటే ఘోరంగా మంట లాగుతుంది, కనెక్టర్ ఊడదీసినా మంట సాగుతూ వస్తుంది. 'పది ప్యానెళ్లున్నాయి కదా, ఒకటి లాగుదాం' అనే ఆలోచనే వద్దు.

కంట్రోలర్ లేకుండా ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీకి కలిపితే ఏమవుతుందో నేను నా డబ్బుతో నేర్చుకున్నాను. స్కూటర్ బ్యాటరీ, 5 ఏహెచ్‌ది, 40 వాట్ల ప్యానెల్‌కి తగిలించి, సాయంత్రానికి తీసేద్దామనుకున్నాను. ఆ మధ్యాహ్నమే చుట్టాలింట్లో పెళ్లిపనులని కబురొచ్చింది. నాలుగు రోజుల తర్వాత వచ్చి చూస్తే బ్యాటరీ పూరీలా ఉబ్బి, పైమూత ఒక మూల లేచిపోయి ఉంది. నిండిన తర్వాత కూడా కరెంటు ఆగదు మరి. ఆపడానికే కంట్రోలర్ ఉన్నది.

ఎన్ని ఎండలు పడతాయి?

బ్యాటరీ ఏహెచ్‌లో పదోవంతుకి మించి ఆంపియర్లు పంపకూడదని పాత లెక్క. ట్రాక్టర్ బ్యాటరీలు ఎక్కువగా 75 నుంచి 90 ఏహెచ్ మధ్య ఉంటాయి. 80 ఏహెచ్ అనుకుంటే పైకి 8 ఆంపియర్లు. పూర్తిగా పడిపోయినదానికి మొదటిపూట రెండు మూడు ఆంపియర్లతో మొదలెట్టడం మేలు. అందుకే నేను రెండు ప్యానెళ్లలో ఒకటే వాడతాను.

100 వాట్ల ప్యానెల్ నిండు ఎండలో అయిదు ఆంపియర్లిస్తుంది. పొద్దున్న, సాయంత్రం బలహీనంగా ఉండే ఎండని కూడా కూడితే మన వైపు రోజుకి సుమారు అయిదు గంటల నిండు ఎండతో సమానం. అంటే రోజుకి 25 ఏహెచ్. సగం దిగిన 80 ఏహెచ్ బ్యాటరీకి కావలసింది 40, నష్టాలకి ఇంకో అయిదోవంతు వేసుకుంటే 48. రెండు రోజులు. అడుగంటినదైతే నాలుగు రోజులు. మబ్బు పట్టిందా, లెక్క తప్పింది.

ఇందుకే నా మాట విని బ్యాటరీని మృగశిరలో కాదు, రోహిణి కార్తెలో చూడండి. రోళ్లు పగిలే ఎండ ఊరికే వస్తుంది, చేతిలో పదిహేను రోజుల టైమూ ఉంటుంది. ఒక్క తిరకాసు ఉంది. ప్యానెల్‌కి వెలుతురు ఇష్టం, వేడి పడదు. మే నెలలో ప్యానెల్ ఒళ్లు 65 డిగ్రీలకి ఎక్కితే, 18 వోల్టుల దగ్గర పనిచేసేది 15.5కి దిగుతుంది. బ్యాటరీకి 14.4 కావాలి. మధ్యలో మిగిలింది ఒక్క వోల్టే. ఆ ఒక్కటీ సన్నటి వైరు మింగేస్తే సాయంత్రం దాకా తగిలించినా బ్యాటరీ నిండదు. వైరు 4 స్క్వేర్ ఎంఎం రాగిది వాడండి. కంట్రోలర్‌ని బ్యాటరీకి మీటరు దూరంలోపే పెట్టండి. ప్యానెల్‌ని రేకుల మీద ఆనించకుండా కింద గాలి ఆడేలా నిలపండి. దుమ్ము తుడవండి. వేపకొమ్మ నీడ రెండు సెల్లుల మీద పడినా మొత్తం ప్యానెల్ కుంటుతుంది, సెల్లులన్నీ ఒకే గొలుసు కాబట్టి.

దించడం

బ్యాటరీని బండిలోనే ఉంచి చార్జ్ చేయొచ్చు, కానీ దించడమే నయం. తాళం తీసేసి, మైనస్ క్లాంపు ముందు విప్పండి, తర్వాత ప్లస్. ప్లస్ ముందు విప్పితే, స్పానర్ పొరపాటున ఛాసిస్‌కి తగిలిందంటే మెరుపు లేస్తుంది. పెట్టేటప్పుడు తలకిందులుగా, ప్లస్ ముందు, మైనస్ ఆఖర్న. వేలికి ఉంగరం, చేతికి కడియం, వాచీ ఉంటే తీసి జేబులో వేసుకోండి. ప్లస్‌కీ బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే వేలి చుట్టూ కాలిపోతుంది.

గాలి ఆడే నీడలో, చెక్క మీద పెట్టండి. నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందని మా తాత కాలం నుంచీ అంటారు. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకి ఆ బాధ లేదు. నేను చెక్క వేసేది యాసిడ్ కారితే గచ్చు పాడవుతుందని.

చార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వకి పేలుతుంది. బీడీ ముట్టించేవాణ్ని షెడ్డు బయటికి పంపండి. బిరడాల రంధ్రాలు మట్టితో మూసుకుపోకుండా చూడండి. బకెట్‌తో నీళ్లు పక్కనే ఉండాలి. కంట్లో యాసిడ్ పడితే పదిహేను నిమిషాలకి తక్కువ కాకుండా నీళ్లతో కడుగుతూనే ఉండి, తర్వాత ఆస్పత్రికి వెళ్లాలి. చౌకరకం ప్లాస్టిక్ కళ్లద్దాలు పెట్టుకోవడానికి నామోషీ పడొద్దు.

కలిపే వరుస

ముందు బ్యాటరీని కంట్రోలర్‌కి కలపాలి. ప్లస్ వైరులో, బ్యాటరీకి దగ్గరగా 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. కంట్రోలర్ తెర వెలిగి బ్యాటరీ వోల్టేజీ చూపించాకే ప్యానెల్ కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. ఈ వరుస తప్పితే కొన్ని కంట్రోలర్లు ప్యానెల్ వోల్టేజీ మొత్తాన్ని అవతలికి వదిలేస్తాయి, కొన్ని తెలివి తప్పుతాయి. బల్బు బొమ్మ ఉన్న రంధ్రాలు లైట్లకి మాత్రమే, వాటికి బ్యాటరీ కలపొద్దు.

బ్యాటరీ రకం అడిగితే, నీళ్లు పోసే రకానికి ఫ్లడెడ్, పోయలేనిదానికి సీల్డ్ పెట్టండి. చార్జింగ్ వోల్టేజీ 14.4 అనేది 25 డిగ్రీల దగ్గర లెక్క. 40 డిగ్రీల షెడ్డులో 14.0, 14.1 చాలు. కంట్రోలర్‌కి వేడి కొలిచే సెన్సార్ లేకపోతే మీరే తగ్గించి పెట్టాలి.

కంట్రోలర్ కళ్లు తెరవకపోతే

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. బ్యాటరీ కలిపారు, తెర వెలగలేదు. ప్యానెల్ కలిపారు, అయినా చీకటే. కంట్రోలర్ పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. చాలా కంట్రోలర్లకి సొంత ప్రాణం ఉండదు, బ్యాటరీ నుంచే తీసుకుంటాయి. బ్యాటరీలో ఎనిమిది తొమ్మిది వోల్టులైనా లేకపోతే అది అక్కడ ఉందనే వాటికి తెలియదు. పూర్తిగా పడిపోయిన బ్యాటరీకి చార్జింగ్ కావాలి, చార్జింగ్ మొదలవ్వాలంటే బ్యాటరీలో ప్రాణం కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు.

దీనికి పాత మెకానిక్కుల విరుగుడు ఒకటుంది, హెడ్‌లైటు బల్బు. 12 వోల్టులు, 55 వాట్లది. ఒక ఫిలమెంట్ మాడిపోయి రెండోది బతికున్న పాత బల్బైనా చాలు. దాని రెండు కాళ్లకి మూరెడు వైర్లు అతికి, చివర్న క్లిప్పులు పెట్టుకోండి.

షెడ్డులోని మంచి బ్యాటరీని కంట్రోలర్‌కే ఉండనివ్వండి. ఎండ బాగా ఉన్న టైములో, ఆ బ్యాటరీ మైనస్‌ని పడిపోయినదాని మైనస్‌కి నేరుగా వైరుతో కలపండి. ప్లస్‌ని ప్లస్‌కి మాత్రం మధ్యలో బల్బు పెట్టి కలపండి. ఈ బల్బు లేకుండా నేరుగా కలిపితే మంచి బ్యాటరీ నుంచి ఒక్కసారిగా వరదలా కరెంటు పారుతుంది, వైరు తొడుగు కరిగిపోతుంది. బల్బు ఉంటే నాలుగైదు ఆంపియర్లకి మించి పోనివ్వదు. బ్యాటరీ కోలుకునే కొద్దీ అదీ తగ్గుతుంది. చివరి క్లిప్పు పెట్టేటప్పుడు చిన్న రవ్వ వస్తుంది గనక దాన్ని బ్యాటరీకి దూరంగా, బల్బు దగ్గర కలపండి. బల్బు కాలుతుంది, గడ్డికీ పట్టాకీ దూరంగా ఇటుక మీద పెట్టండి.

ఇక కూర్చుని బల్బుని చూడండి. మీటరు కంటే అదే ఎక్కువ చెప్తుంది. మొదట సగం వెలుగుతో పసుపుపచ్చగా వెలిగి, గంట గడిచేసరికి ఎర్రబడి, ఆపైన అగరొత్తి కొసలా మిగిలి ఆరిపోయిందంటే బ్యాటరీ తాగుతోంది, లేస్తోంది. గంటలు గడిచినా అదే మసక వెలుగుతో ఆరకుండా, వోల్టేజీ 10, 11 మధ్య ఆగిపోతే లోపల ఒక సెల్ షార్టయింది, వదిలేయండి. అసలు వెలగకుండానే మీటరు మాత్రం వెంటనే 12 పైకి ఎగబాకితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడింది. బయటికి నిండినట్టే కనిపిస్తుంది, లోపల ఏమీ లేదు. దీన్ని మాత్రం వెంటనే పారేయకండి. ఒకటి రెండు రోజులు అలాగే ఉంచితే ఆ పొర కొంత కరిగి, మెల్లగా కరెంటు తీసుకోవడం మొదలెట్టేవి ఉన్నాయి. మా బాబాయి బ్యాటరీ మొదటిరోజు సాయంత్రం దాకా బల్బు వెలిగించలేదు. రెండోరోజు పదింటికి 'ఒరేయ్, ఎర్రగా ఏదో కనపడతాంది చూడు' అని ఆయనే కేకేశాడు. అదే బ్యాటరీతో ఆ ఖరీఫంతా దున్నాడు.

వోల్టేజీ 11.5 దాటి 12కి వచ్చాక ముందు ప్యానెల్ విప్పి, షెడ్డు బ్యాటరీని తప్పించి, ట్రాక్టర్ బ్యాటరీని ఒంటరిగా కంట్రోలర్‌కి కలిపి, మళ్లీ ప్యానెల్ పెట్టండి. పొద్దు గూకాక రాత్రి లైట్ల కోసం పాతదాన్ని దాని చోట పెట్టుకోవచ్చు.

ఇంకో దారి ఉంది. మీ షెడ్డులో ఇన్వర్టర్ కూడా ఉంటే అది ఆన్ చేసి, దానికి మామూలు 230 వోల్టుల బ్యాటరీ చార్జర్ గుచ్చడం. పనవుతుంది, కానీ బ్యాటరీలో, ఇన్వర్టర్‌లో, చార్జర్‌లో మూడు చోట్లా కొంత వేడిగా పోతుంది. చౌక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్లు బాగా వేడెక్కుతాయి. పట్టపగలు, ప్యానెల్ దండిగా ఇస్తున్నప్పుడైతే సరే. రాత్రిపూట చేస్తే రెండు బ్యాటరీలూ ఖాళీ.

దగ్గరుండి చూడాల్సినవి

మొదటి గంటలో రెండు మూడుసార్లు బ్యాటరీ పక్కల మీద చెయ్యి వేయండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడెక్కితే ప్యానెల్ విప్పేసి చల్లారనివ్వండి. మళ్లీ కలిపినా అలాగే కాలితే ఆశ వదులుకోండి.

14 వోల్టులు దాటాక బిరడా రంధ్రాల దగ్గర చెవి పెట్టకుండా, దూరం నుంచే వినండి. ఎసరు మరగబోయే ముందు గిన్నె అడుగున వచ్చే చప్పుడు వస్తుంది. బుడగలు ఆరు సెల్లులోనూ ఒకేలా రావాలి. ఐదు చిటపటలాడుతుంటే ఒకటి మౌనంగా ఉందంటే దానికి కరెంటు అంటడం లేదు.

కంట్రోలర్ తెర మీద 'ఫుల్' అని కనపడగానే సంబరపడొద్దు. అది చూసేది వోల్టేజీనే. చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ వోల్టేజీ సంతలో బేరం లాంటిది, అసలు ధర ఇంటికి పోయాక తెలుస్తుంది. సాయంత్రం అన్నీ విప్పేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి కొలిస్తే 12.6 ఉంటే నిజంగా నిండింది. 12.3 ఉంటే ఇంకో ఎండ. ఒక్కో ఉదయం ఒక్కో గీత పైకి జరుగుతుంటే కొనసాగించండి. మూడు ఉదయాలు వరుసగా ఒకే అంకె దగ్గర నిలబడితే పాత బ్యాటరీల కొట్టుకి తీసుకెళ్లండి. సీసం బరువుకి ధర కట్టి కొత్తదాంట్లో తగ్గిస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. యాసిడ్ గట్టు మీద ఒంపి డబ్బా మాత్రమే అమ్ముకునే పని చేయకండి. ఆ గట్టు పక్కన మళ్లీ మనమే గడ్డి కోయాలి.

ఇప్పుడు గీత దాకా డిస్టిల్డ్ వాటర్ నింపి, బండికి ఎక్కించి, టెర్మినల్స్‌కి పలచగా వాసెలిన్ రాసి, సెల్ఫ్ కొట్టండి. కొడుతున్నప్పుడు ఇంకొకరు మీటరు పట్టుకోవాలి. వోల్టేజీ 9.6 కంటే కిందికి పడకుండా ఇంజిన్ అందుకుంటే బ్యాటరీ గట్టిదే. ఇంజిన్ తిరుగుతుండగా అదే చోట 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అప్పుడూ 12 దగ్గరే ఉందంటే డైనమోనో బెల్టో పనిచేయడం లేదు. మీరు నాలుగు రోజులు పోసిన జావంతా ఒక్క సాయంత్రంలో దిగిపోతుంది, ముందు అది బాగుచేయించండి.

బైకు, లారీ, ఎలక్ట్రిక్ స్కూటర్

బైకు బ్యాటరీ 5 ఏహెచ్ అయితే అర ఆంపియర్ చాలు. 100 వాట్ల ప్యానెల్‌కి ఒంటరిగా కలిపితే పదింతలు పోతుంది. షెడ్డు బ్యాటరీ చార్జవుతుండగా, దాని నుంచి 10 వాట్ల ఇండికేటర్ బల్బు గుండా కలపండి. పగలల్లా ఉంచి, సాయంత్రం తీసేయండి. మరిచిపోయి పెళ్లికి వెళ్లకండి.

లారీ, కొన్ని పెద్ద యంత్రాల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులుంటుంది. రెండూ విడదీసి ఒక్కోదాన్ని విడిగా చార్జ్ చేయండి. కలిపి పెడితే, పడిపోయిన 24ని 16 దగ్గర చూసిన కంట్రోలర్ అది 12 వోల్టుల బ్యాటరీ అనుకుంటుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్ లిథియం బ్యాటరీకి ఈ వ్యాసంలో చెప్పినదేదీ పనికిరాదు. దాని చార్జర్ దానికే. బల్బు కిటుకు దాని మీద ప్రయోగిస్తే షెడ్డే తగలబడొచ్చు.

పట్టా కప్పే రోజున

బ్యాటరీ ఊరికే పడి ఉన్నా తనంతట తానే దిగుతుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆ దిగే వేగం రెట్టింపవుతుంది. మన ఎండాకాలం రేకుల షెడ్డులో రెండు నెలలంటే తక్కువ సంగతి కాదు. పట్టా కప్పేముందు మైనస్ క్లాంపు విప్పేయండి. నెలకో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక ప్యానెల్ తగిలించండి. లేదంటే 10 వాట్ల చిన్న ప్యానెల్, చిన్న కంట్రోలర్ కొని రేకు మీద బిగించి వేసవంతా అలాగే వదిలేయండి, అప్పుడప్పుడూ నీళ్లు చూసుకుంటే చాలు. నేను చిన్న ప్యానెల్ బిగించాను. షెడ్డు తలుపు వెనక సుద్దతో తేదీ, వోల్టేజీ రాస్తుంటాను. ఈ వేసవిలో రాసిన మూడు గీతల్లో 12.6 కంటే తక్కువది ఒక్కటే, అదీ కోతులు ప్యానెల్ వైరు పీకిన వారంలో.